నెట్ సెంటర్ సిస్టంలలో సైట్‌కో రకంగా పర్మిషన్ పెట్టడం ఎక్స్‌టెన్షన్‌తో అవుతుందా?

చీపురుపల్లి_నెట్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నెట్ సెంటర్‌లో ఐదు సిస్టంలు ఉన్నాయి. కొన్నిట్లో విండోస్ 10 హోమ్, కొన్నిట్లో 11 హోమ్, అన్నిట్లోనూ క్రోమే. ఒకటి కౌంటర్‌లో మేం వాడుకునేది, మిగతా నాలుగూ వచ్చినవాళ్లకి.

వచ్చినవాళ్లు రిజల్ట్స్ అనీ, పాటలనీ ఏవేవో సైట్లు తెరుస్తారు. "మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి" అని వస్తే ఆలోచించకుండా నొక్కేస్తారు. సాయంత్రం అయ్యేసరికి స్క్రీన్ కింద కుడి మూల "మీ కంప్యూటర్‌కి వైరస్ పట్టింది" అంటూ ఒకదాని మీద ఒకటి నోటిఫికేషన్లు. క్రోమ్ మూసేసినా వస్తూనే ఉన్నాయి.

పోనీ అన్నీ బ్లాక్ చేసేద్దామంటే పని ఆగిపోతుంది. అప్లికేషన్లలో లైవ్ ఫొటోకి కెమెరా కావాలి. ఫీజు కట్టాక రసీదు వేరే విండోలో తెరుచుకోవాలి. కౌంటర్‌లో ఒకే సైట్ నుంచి సర్టిఫికెట్లు వరసగా దింపాలి, అక్కడ ప్రతిసారీ క్రోమ్ అడుగుతూ ఉంటుంది.

గవర్నమెంట్ సైట్లకి ఇవన్నీ ఇచ్చి, మిగతావాటికి ఏదీ ఇవ్వకుండా చేసే ఎక్స్‌టెన్షన్ ఏదైనా ఉందా? సైట్ సైట్‌కీ చేత్తో మార్చుకుంటూ కూర్చునే టైమ్ లేదు.

---

మూడులాంతర్లు_విజయనగరం

మాస్టారూ, మీరు ఎక్స్‌టెన్షన్ అడిగారు గానీ ఆ నాలుగు సిస్టంలకీ అది చాలదు. కస్టమర్ క్రోమ్‌లో గెస్ట్ విండో తెరిస్తే అందులో ఎక్స్‌టెన్షన్లు అసలు నడవవు. తన జీమెయిల్‌తో కొత్త ప్రొఫైల్ పెట్టుకున్నా మీరు వేసిన ఎక్స్‌టెన్షన్ అందులోకి రాదు. ఎవరు ఏ ప్రొఫైల్‌లో కూర్చున్నా వర్తించేది పాలసీ, అంటే సిస్టం మొత్తానికీ కలిపి పెట్టే నియమం. విండోస్ హోమ్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉండదు కాబట్టి రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) రాసుకోవాలి. కౌంటర్ సిస్టంకి మాత్రం ఎక్స్‌టెన్షన్ పనికొస్తుంది, దాని సంగతి తర్వాత.

ముందు ఎవరి మాట చెల్లుతుందో తెలియాలి, లేకపోతే ఎంత మార్చినా ఎందుకు మారట్లేదో అర్థం కాదు. అన్నిటికన్నా పైన పాలసీ. దాని కింద ఎక్స్‌టెన్షన్. ఆ కింద మీరు సైట్ సెట్టింగ్స్‌లో చేత్తో ఇచ్చినవి. పైవాడు ఒక సైట్ గురించి ఏదైనా చెప్పాడంటే కిందివాడి మాట అడగరు. అంటే పాలసీలో "అందరికీ బ్లాక్" అని ఉంటే, మీరు చేత్తో ఒక సైట్‌కి అలో ఇచ్చినా చెల్లదు. ఆ అలో కూడా పాలసీలోనే రాయాలి.

ఇక పని. రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి హెచ్‌కీ లోకల్ మెషిన్ → సాఫ్ట్‌వేర్ → పాలసీస్ వరకు వెళ్లండి. అక్కడ గూగుల్ అనే కీ (ఫోల్డర్ లాంటిది), దాని లోపల క్రోమ్ అనే కీ లేకపోతే తయారు చేసుకోండి. కింద పేర్లు నేను తెలుగులో రాస్తున్నాను. మీరు ఇంగ్లీషులో, మాటల మధ్య ఖాళీ లేకుండా, ప్రతి మాటకీ మొదటి అక్షరం పెద్దదిగా కొట్టాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా క్రోమ్ దాన్ని పట్టించుకోదు.

క్రోమ్ కీలో 32 బిట్ డీవర్డ్ (సంఖ్య) రకంగా ఇవి పెట్టండి:

డిఫాల్ట్‌నోటిఫికేషన్స్‌సెట్టింగ్ = 2. దీంతో కొత్త సైట్ ఏదీ అడగదు, ఇదివరకు అలో నొక్కినవి కూడా పంపలేవు.

వీడియోక్యాప్చర్అలౌడ్ = 0. కెమెరా ఎవరికీ లేదు, జాబితాలో ఉన్నవాటికి తప్ప.

బ్యాక్‌గ్రౌండ్‌మోడ్ఎనేబుల్డ్ = 0. క్రోమ్ మూసినా నోటిఫికేషన్లు వస్తున్నాయన్నారు కదా, అది కిటికీ మూశాక కూడా క్రోమ్ వెనకాల నడుస్తుండటం వల్ల. దీంతో అది ఆగుతుంది.

ఇప్పుడు జాబితాలు. క్రోమ్ కీ కిందే వీడియోక్యాప్చర్అలౌడ్‌యూఆర్ఎల్స్ అని ఇంకో కీ చెయ్యండి, విలువ కాదు, కీ. అందులో స్ట్రింగ్ విలువలు పెట్టి, వాటికి 1, 2, 3 అని పేర్లు ఇవ్వండి. ఒక్కో విలువలో ఒక్కో సైట్. రసీదు విండోల కోసం పాపప్స్అలౌడ్‌ఫర్‌యూఆర్ఎల్స్ అని అలాంటిదే ఇంకో కీ. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: సైట్లన్నీ ఒకే విలువలో కామాలు పెట్టి రాసేస్తారు, అది చెల్లదు.

సైట్ పేరు రాసే తీరు [*.]ఏపీ.జీఓవీ.ఇన్ అని. ముందున్న ఆ బ్రాకెట్, స్టార్, చుక్క వల్ల దాని కింద ఉన్న ఉపసైట్లన్నీ వచ్చేస్తాయి, అసలు సైట్ కూడా వస్తుంది. ఒక్క సైట్‌కే కావాలంటే దాని పూర్తి పేరు రాయండి. పేజీ వరకు రాసి ఉపయోగం లేదు, పర్మిషన్లు సైట్ మొత్తానికే గానీ సైట్‌లో ఒక పేజీకి ఉండవు.

అయ్యాక క్రోమ్‌లో పాలసీ పేజీ (అడ్రస్ బార్‌లో chrome://policy) తెరిచి "రీలోడ్ పాలసీస్" నొక్కండి. మీరు రాసిన ప్రతి పేరూ అక్కడ కనిపించి, పక్కన స్టేటస్ ఓకే అని ఉండాలి. పేరే కనిపించకపోతే తప్పు కీలో రాసినట్టు, "తెలియని పాలసీ" అంటే అక్షరం తప్పు. మెనూ అడుగున "మీ సంస్థ నిర్వహిస్తోంది" అన్న అర్థంలో ఒక లైను వస్తుంది, కంగారు పడక్కర్లేదు. మీరేమీ పెట్టకుండానే ఆ లైను కనిపించిన సిస్టంని మాత్రం అనుమానించాలి. కొన్ని మాల్‌వేర్లు కూడా ఇదే దారిలో దూరతాయి. పాలసీ పేజీలో మీకు తెలియని పేరు ఏదైనా ఉందేమో చూడండి.

లొకేషన్‌ని మూసెయ్యకండి, డిఫాల్ట్‌జియోలొకేషన్‌సెట్టింగ్ = 3 పెడితే ప్రతి సైటూ అడుగుతుంది, అది చాలు.

ఎడ్జ్ కూడా వాడుతుంటే ఇవే పేర్లు, పాలసీస్ కింద మైక్రోసాఫ్ట్ → ఎడ్జ్ కీలో.

---

నాగావళి_కుర్రాడు

ఇంత రిజిస్ట్రీ గోల ఎందుకండీ, యూబ్లాక్ ఒకటి వేస్తే సరిపోదేటి?

---

మూడులాంతర్లు_విజయనగరం

అది చేసే పని వేరు. యూబ్లాక్ ప్రకటనల్నీ, వెనకాల కూపీ లాగే స్క్రిప్టుల్నీ ఆపుతుంది. కెమెరా, లొకేషన్ పర్మిషన్లు దాని చేతిలో లేవు. మోసపు "అలో నొక్కండి" పేజీల్లో చాలావాటిని అది తెరుచుకోనివ్వదు కాబట్టి నోటిఫికేషన్ల గోల తగ్గినట్టు కనిపిస్తుంది, అంతే. ఒకసారి అలో నొక్కేశాక వచ్చేవాటిని అది ఆపలేదు.

పైగా పాత యూబ్లాక్ ఆరిజిన్ ఇప్పుడు క్రోమ్‌లో లేదు. 2025లో క్రోమ్ పాత తరం ఎక్స్‌టెన్షన్లని పూర్తిగా ఆపేసింది. ఇప్పుడు దొరికేది యూబ్లాక్ ఆరిజిన్ లైట్. అందులో సైట్‌ని బట్టి స్థాయి మార్చుకోవచ్చు: అసలు వద్దు, బేసిక్, ఆప్టిమల్, కంప్లీట్. నెట్ సెంటర్‌కి బేసిక్ చాలు. దానికి సైట్ల డేటా చదివే పర్మిషన్ కూడా అక్కర్లేదు. పాత యూబ్లాకే కావాలంటే ఫైర్‌ఫాక్స్‌లో ఉంది.

---

వంశధార_ఒడ్డు

శ్రీకాకుళం నుంచి. పైన చెప్పినదంతా సరైనదే. కౌంటర్ సిస్టంకి ఎక్స్‌టెన్షన్ సంగతి మిగిలింది కాబట్టి అది నేను చెప్తా.

క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లకి "కంటెంట్ సెట్టింగ్స్" అని ఒక సదుపాయం ఉంది. కుకీలు, బొమ్మలు, జావాస్క్రిప్ట్, లొకేషన్, పాపప్‌లు, నోటిఫికేషన్లు, కెమెరా, మైక్, వరస డౌన్‌లోడ్లు, ఇవన్నీ సైట్‌ని బట్టి అలో, బ్లాక్ చెయ్యొచ్చు. కెమెరా, లొకేషన్ లాంటివాటికి "అడుగు" కూడా పెట్టొచ్చు. ఫైర్‌ఫాక్స్‌లో ఈ సదుపాయం లేదు, కాబట్టి ఈ పద్ధతి క్రోమ్, ఎడ్జ్ లాంటివాటికే.

స్టోర్‌లో ఈ పని చేసేవి దొరుకుతాయి గానీ వేసేముందు ఒకటి చూడండి. ఈ పనికి కంటెంట్ సెట్టింగ్స్ పర్మిషనూ, ఇప్పుడు తెరిచి ఉన్న ట్యాబ్ ఏ సైటో తెలుసుకునే చిన్న పర్మిషనూ చాలు. "అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా చదవడం, మార్చడం" అని అడిగిందంటే దానికి ఆ అవసరం లేదు, వదిలెయ్యండి. మంచి పేరున్నదైనా చేతులు మారొచ్చు. ద గ్రేట్ సస్పెండర్ అని లక్షల మంది వాడినది, 2020లో వేరేవాళ్ల చేతికి వెళ్లింది, 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ ఉందని గూగుల్ తీసేసింది. ఆధార్, బ్యాంకు పనులు జరిగే కౌంటర్‌లో నేనైతే ఎవరిదో వెయ్యను. సొంతంగా రాసుకుంటే ముప్పై లైన్లు కూడా అవ్వదు.

సీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్, అందులో రెండు ఫైళ్లు. మొదటిది మానిఫెస్ట్ (ఎక్స్‌టెన్షన్ వివరాలు చెప్పే ఫైలు): మానిఫెస్ట్ వెర్షన్ 3, పేరు, ఎక్స్‌టెన్షన్ సొంత వెర్షన్ నంబరు, పర్మిషన్లలో కంటెంట్‌సెట్టింగ్స్ ఒక్కటే, బ్యాక్‌గ్రౌండ్‌లో సర్వీస్ వర్కర్‌గా రెండో ఫైలు పేరు. రెండో ఫైల్లో ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ అయినప్పుడు నడిచే ఒక్క ఫంక్షన్. అది మొదట ప్రతి రకానికీ "క్లియర్" పిలవాలి, అది పూర్తయ్యేదాకా ఆగి, తర్వాత "సెట్" పిలవాలి. క్లియర్ లేకపోతే మీరు జాబితాలోంచి తీసేసిన సైట్లకి పాత అనుమతి అలాగే ఉండిపోతుంది. ఎందుకంటే ఎక్స్‌టెన్షన్ ఇచ్చిన సెట్టింగులు క్రోమ్ మూసి తెరిచినా పోవు, ఎక్స్‌టెన్షన్ తీసేస్తేనే పోతాయి.

సెట్‌లో ప్రైమరీ ప్యాటర్న్, సెట్టింగ్ ఈ రెండూ తప్పనిసరి. ఇక్కడ రాసే తీరు పాలసీలో రాసినట్టు కాదు, ఇదే ఎక్కువమందికి తిరకాసు. పాలసీలో [*.] అన్నచోట ఎక్స్‌టెన్షన్‌లో *://*.ఏపీ.జీఓవీ.ఇన్/* అని రాయాలి, చివర స్లాష్, స్టార్ తప్పకుండా ఉండాలి. పాలసీ తీరులో ఇక్కడ రాస్తే ఎర్రర్ వస్తుంది, ఆ ఒక్క లైనే కాకుండా దాని తర్వాత ఉన్నవి కూడా నడవవు.

కౌంటర్‌కి ఏం పెట్టాలంటే: వరస డౌన్‌లోడ్లు మీ గవర్నమెంట్ సైట్లకి అలో, మిగతావాటి జోలికి పోకండి. నోటిఫికేషన్లు, కెమెరా ఇక్కడ పెట్టక్కర్లేదు, పాలసీ చూసుకుంటుంది. "అన్ని సైట్లకీ బ్లాక్" అని ఎక్స్‌టెన్షన్‌లో ఎప్పుడూ రాయకండి. రాస్తే తర్వాత అర్జెంటుగా ఒక కొత్త సైట్‌కి చేత్తో అలో ఇద్దామన్నా కుదరదు. అడ్రస్ బార్ పక్కన గీతల గుర్తు నొక్కితే ఆ బటన్ బూడిద రంగులో, ఎక్స్‌టెన్షన్ నియంత్రిస్తోంది అని కనిపిస్తుంది. మధ్యాహ్నం కౌంటర్ ముందు పది మంది నిలబడి ఉన్నప్పుడు ఇది కనిపిస్తే చిరాకే.

ఒకే ఎక్స్‌టెన్షన్ లోపల మాత్రం ఆర్డర్ లెక్క కాదు, పేరు ఎక్కువ వివరంగా ఉన్నదే గెలుస్తుంది. ఒకే రకాన్ని రెండు ఎక్స్‌టెన్షన్లు మారుస్తుంటే ఆఖరున వేసినది గెలుస్తుంది.

వేసే పద్ధతి: ఎక్స్‌టెన్షన్ల పేజీలో డెవలపర్ మోడ్ ఆన్ చేసి, "లోడ్ అన్‌ప్యాక్డ్" నొక్కి ఆ ఫోల్డర్ చూపించండి. తర్వాత డెవలపర్ మోడ్ ఆపెయ్యకండి, ఇప్పటి క్రోమ్‌లో ఆపితే ఇలా వేసినవి కూడా ఆగిపోతాయి. ఫోల్డర్ పేరు మార్చినా, వేరేచోటికి జరిపినా పోతుంది. జాబితా మార్చిన ప్రతిసారీ అదే పేజీలో ఎక్స్‌టెన్షన్ దగ్గర గుండ్రటి బాణం నొక్కండి, ఆ తర్వాత తెరిచి ఉన్న సైట్‌ని కూడా రీలోడ్ చెయ్యండి.

---

మూడులాంతర్లు_విజయనగరం

వంశధార గారు చెప్పినదానికి ఒకటి కలుపుతా. కస్టమర్లు ఎక్స్‌టెన్షన్లు వెయ్యకుండా ఎక్స్‌టెన్షన్ఇన్‌స్టాల్‌బ్లాక్‌లిస్ట్ అనే కీ కింద 1 = * అని పెట్టండి. నాలుగు సిస్టంలకీ ఇది చాలా అవసరం. కౌంటర్‌లో కూడా పెడితే మీ సొంత ఎక్స్‌టెన్షన్ కూడా ఆగిపోతుంది, దాని ఐడీని ఎక్స్‌టెన్షన్ఇన్‌స్టాల్‌అలౌలిస్ట్ కీలో రాయాలి. అన్‌ప్యాక్డ్ ఐడీ ఫోల్డర్ దారిని బట్టి తయారవుతుంది. రెండు సిస్టంలలో ఒకే దారి, ఒకే పేరు పెడితే ఒకే ఐడీ వస్తుంది, లేకపోతే వేరు వేరు.

---

చీపురుపల్లి_నెట్

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. నాలుగు సిస్టంలలో పాలసీలు పెట్టాను, అన్నీ ఓకే చూపిస్తున్నాయి, నోటిఫికేషన్లు ఆగిపోయాయి. రెండు సందేహాలు.

ఒక ఫీజు సైట్‌లో రసీదు ఇంకా రావట్లేదు, సైట్ పేరు పాపప్ జాబితాలోనే ఉంది.

కౌంటర్‌లో వేలిముద్ర పరికరం ఒక సైట్‌లో "డివైస్ దొరకలేదు" అంటోంది. డ్రైవరూ, సర్వీసూ నడుస్తున్నాయి, వేరే సిస్టంలో పాత క్రోమ్‌లో అదే పరికరం అదే సైట్‌లో పనిచేస్తోంది. ఎక్స్‌టెన్షన్‌లో ఏదైనా ఇవ్వాలా?

---

వంశధార_ఒడ్డు

వేలిముద్ర సంగతి ముందు. అది కెమెరా లాంటి పర్మిషన్ కాదు, ఎక్స్‌టెన్షన్‌లో వెతక్కండి. పరికరం తాలూకు ఆర్‌డీ సర్వీస్ (దాన్ని సైట్‌తో కలిపే ప్రోగ్రాం) మీ సిస్టంలోనే 11100 నుంచి 11120 మధ్య ఏదో ఒక పోర్టులో వింటూ ఉంటుంది. పేజీ 127.0.0.1కి (మీ సిస్టం సొంత చిరునామా) ఆ పోర్టులు ఒక్కోటీ తట్టి చూసి, పలికినదాన్ని పట్టుకుంటుంది. క్రోమ్ 142వ వెర్షన్ నుంచి బయటి సైట్ ఇలా మీ సిస్టంనీ, లోకల్ నెట్‌వర్క్‌నీ తట్టాలంటే మీ అనుమతి అడగాలి. ఆ ప్రశ్న వచ్చినప్పుడు ఎవరో బ్లాక్ నొక్కి ఉంటారు, లేదా చూడకుండా మూసేసి ఉంటారు. పాత క్రోమ్‌లో పనిచేస్తోందంటే అనుమానం దీనిమీదే.

ఆ సైట్ తెరిచి, అడ్రస్ బార్ ఎడమవైపు గీతల గుర్తు → సైట్ సెట్టింగ్స్‌కి వెళ్లండి. లోకల్ నెట్‌వర్క్ యాక్సెస్ అన్నదాన్ని అలో చేసి పేజీ రీలోడ్ చెయ్యండి. పేజీ లోపల ఇంకో సైట్ ఫ్రేమ్‌గా తెరుచుకుని అందులో వేలిముద్ర తీస్తుంటే, పై పేజీ ఆ ఫ్రేమ్‌కి అనుమతి దాటించాలి. అది సైట్ నడిపేవాళ్లు రాయాల్సిన విషయం, మన చేతిలో లేదు.

ఫైర్‌ఫాక్స్‌లో నోస్క్రిప్ట్ (సైట్ల స్క్రిప్టుల్ని ఆపే ఎక్స్‌టెన్షన్) వాడుతున్నవాళ్లకి కూడా ఇదే సమస్య వేరే దారిలో వస్తుంది. ఆ సైట్‌కి కస్టమ్ పెట్టుకుని ఉంటే "లాన్" (లోకల్ నెట్‌వర్క్) అన్న టిక్ ఉందో లేదో చూసుకోండి.

---

మూడులాంతర్లు_విజయనగరం

రసీదు గురించి. పాపప్ అనుమతి లెక్క, కొత్త విండోలో ఏ సైట్ తెరుచుకుంటుందన్నది కాదు, దాన్ని తెరుస్తున్న పేజీ ఎవరిదన్నది. ఫీజు కట్టేటప్పుడు మీరు డిపార్ట్‌మెంట్ సైట్ నుంచి పేమెంట్ గేట్‌వేకి (డబ్బు కట్టించుకునే మధ్యవర్తి సైట్), అక్కడి నుంచి బ్యాంకుకి, తిరిగి గేట్‌వేకి వెళ్తారు. రసీదు విండో తెరిచేది మధ్యలో ఉన్న గేట్‌వే పేజీ అయితే మీ జాబితాలో డిపార్ట్‌మెంట్ పేరు ఉండి లాభం లేదు. రసీదు ఆగిపోయిన క్షణంలో అడ్రస్ బార్ కుడి చివర చిన్న విండో బొమ్మ మీద ఎర్రటి గుర్తు కనిపిస్తుంది. అప్పుడు అడ్రస్ బార్‌లో ఏ పేరు ఉందో ఆ పేరే జాబితాలోకి వెళ్లాలి. డబ్బు మళ్లీ కట్టకండి, ఆ బొమ్మ నొక్కితే ఆగిన విండో లింకు అక్కడే ఉంటుంది.

అలాగే పేమెంట్ జరిగే సిస్టంలో జావాస్క్రిప్ట్‌ని సైట్‌వారీగా బ్లాక్ చేసే ప్రయత్నం వద్దు. ఓటీపీ పేజీ బ్యాంకు సైట్‌లో తెరుచుకుంటుంది, అది మీ జాబితాలో లేకపోతే తెల్లగా నిలిచిపోతుంది.

---

పలాస_జీడి

మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. ఇవన్నీ ఫోన్‌లో చెయ్యడం కుదురుతుందాండీ? ఇంట్లో అమ్మ ఫోన్‌లో కూడా ఇవే వైరస్ నోటిఫికేషన్లు.

---

వంశధార_ఒడ్డు

ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు లేవు. మూడు చుక్కలు → సెట్టింగ్స్ → సైట్ సెట్టింగ్స్ → నోటిఫికేషన్లు. పైన ఉన్న స్విచ్ ఆపేస్తే కొత్తవి అడగవు. కింద "అలౌడ్" జాబితాలో ఉన్న ఒక్కో సైట్‌నీ తెరిచి బ్లాక్ చెయ్యండి. అలా వదిలేసి హిస్టరీ చెరిపితే పోదు, చెరిపేటప్పుడు అడ్వాన్స్‌డ్‌లో "సైట్ సెట్టింగ్స్" టిక్ పెడితేనే ఈ అనుమతులు పోతాయి. ఆ టిక్‌తో మంచి సైట్లకి ఇచ్చినవీ పోతాయి, అమ్మగారి ఫోనే కాబట్టి ఫర్వాలేదు.

ఎక్స్‌టెన్షనే కావాలంటే ఫైర్‌ఫాక్స్ ఆండ్రాయిడ్‌లో యూబ్లాక్ ఆరిజిన్ వేసి, దాన్నే డిఫాల్ట్ బ్రౌజర్ చెయ్యండి.

---

చీపురుపల్లి_నెట్

వేలిముద్ర వచ్చిందండి, లోకల్ నెట్‌వర్క్ బ్లాక్‌లోనే ఉంది. రసీదు కూడా గేట్‌వే పేరు కలిపాక తెరుచుకుంది. ఆ లోకల్ నెట్‌వర్క్ అనుమతిని కూడా పాలసీలో రాయొచ్చా? కౌంటర్‌లో కుర్రోడు మళ్లీ బ్లాక్ నొక్కేస్తాడని భయం.

---

మూడులాంతర్లు_విజయనగరం

రాయొచ్చు. లోకల్‌నెట్‌వర్క్‌యాక్సెస్అలౌడ్‌ఫర్‌యూఆర్ఎల్స్ అని కీ, కింద 1 = ఆ సైట్ పూర్తి పేరు, ముందు హెచ్‌టీటీపీఎస్‌తో సహా. ఇక్కడ [*.] పెట్టి వెడల్పు చెయ్యకండి, వేలిముద్ర తీసే ఆ ఒక్క సైట్ చాలు. రాశాక పాలసీ పేజీలో రీలోడ్ నొక్కి స్టేటస్ చూసుకోండి.